రాత్రి ఒంటిగంట తర్వాత

నాకు ర్యాప్ పరిచయమైంది ఫోన్లోనే. ఒక పాట వింటే యాప్ ఇంకోటి ఇచ్చేది, అది వింటే మరోటి. నాస్, బిగ్గీ, జే-జీ అందరూ అలాగే తెలిశారు. మరి వీళ్ళు ఊరూ పేరూ లేని కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఎవరు వినిపించారు? ఆ సంగతి వెతుకుతూ పోతే ఒక కాలేజీ రేడియో దగ్గర తేలాను.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ స్టూడెంట్స్ నడిపే స్టేషన్ డబ్ల్యూకేసీఆర్, 89.9 ఎఫ్ఎం. ఈసీఈ మిత్రులకి ఒక మాట: ఎఫ్ఎం కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ యూనివర్సిటీ ప్రొఫెసరే. 1990లో స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే డీజే, బాబిటో గార్సియా కలిసి అక్కడ ఒక హిప్ హాప్ షో మొదలుపెట్టారు. టైము గురువారం రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారుజామున ఐదింటిదాకా. మన హాస్టల్ వాళ్ళు తప్ప ఎవరూ మేలుకుని ఉండని టైము!

అదే కలిసొచ్చింది. కమర్షియల్ స్టేషన్‌కి ప్రకటనలు కావాలి. అవి రావాలంటే ఎక్కువమంది వినాలి. అందుకని అందరికీ తెలిసిన పాటలే మళ్ళీ మళ్ళీ వెయ్యాలి. కాలేజీ రేడియోకి ఆ బాధ లేదు. ఎవరైనా డెమో టేపు తెస్తే, బావుంటే వేసేవాళ్ళు. మైకు ఇచ్చి అక్కడికక్కడే ర్యాప్ చెయ్యమనేవాళ్ళు. నాస్, బిగ్గీ మొదటి ఆల్బమ్ రాకముందే ఆ మైకు ముందుకొచ్చారు. 1995లో బిగ్ ఎల్, జే-జీ అక్కడ చేసిన ఫ్రీస్టైల్‌ని జనం ఇప్పటికీ వెతుక్కుని వింటారు. జే-జీ మొదటి ఆల్బమ్ వచ్చింది ఆ మరుసటి ఏడాది. వినేవాళ్ళు షోని క్యాసెట్లలో రికార్డు చేసుకుని, కాపీలు తీసి పంచుకునేవారట.

అంతకుముందూ ఇలాంటిదే జరిగింది. 1980లలో అడెల్ఫీ యూనివర్సిటీ రేడియో డబ్ల్యూబీఏయూలో షోలు చేసిన కుర్రాళ్ళలోంచే పబ్లిక్ ఎనిమీ పుట్టింది.

మా సీఎస్ఈలో ‘కోల్డ్ స్టార్ట్’ అనే సమస్య ఒకటుంది. కొత్త పాటని ఇంకా ఎవరూ వినలేదు కాబట్టి దాన్ని ఎవరికి చూపించాలో సిస్టమ్‌కి తెలీదు. చూపించదు కాబట్టి ఎవరూ వినరు. ఆ స్టేషన్‌లో ఈ సమస్యని ఇద్దరు మనుషుల చెవులు తీర్చేశాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా రూమ్మేట్ కరీంనగర్ యాసలో ర్యాప్ రాస్తాడు. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు పేపర్ చదవాలంటే వేలు పెట్టుకుని చదువుతా. కానీ వాడి పాటలో ఒక్క మాటకీ నాకు అర్థం చెప్పాల్సిన పని పడలేదు. ఆన్‌లైన్‌లో పెట్టి మూడు నెలలైంది. విన్నది మా ఫ్లోర్ వాళ్ళే. ప్లేస్‌మెంట్లు దగ్గరికొస్తున్నాయి, ఇంక రాయడం ఆపేస్తా అంటున్నాడు.

హైదరాబాద్ యూనివర్సిటీకి బోల్ హైదరాబాద్ అని సొంత రేడియో ఉంది. మనకి లేదు. లైసెన్సు, టవరు మనవల్ల అయ్యే పని కాదు. కానీ వారానికి ఒక గంట, ఒక మైకు, కొత్తవాళ్ళవి మాత్రమే వినిపించే ఇద్దరు చాలు. రికార్డు చేసి గ్రూపుల్లో పెడదాం. హాస్టల్ గేటు తొమ్మిదికే వేసేస్తారు కాబట్టి అర్ధరాత్రి కుదరదు, ఏడింటికి పెట్టుకుందాం.

క్లబ్ రూమ్‌లో మైకు ఎలాగూ ఉంది. గురువారాలు దాన్నెవరూ వాడటం లేదు.