పంకా లేని పెట్టె కోసం

ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాడికి ఈ గ్రాఫిక్సు గొడవ ఎందుకని మిత్రులు అడుగకమానరు. ఎందుకో ముందు చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

2021 వేసవిలో అమెరికాలో మా మనుమరాలి కూచిపూడి అరంగేట్రం జరిగింది. కరోనా రోజులు, వెళ్లే వీలు లేదు. అంతర్జాలంలో ప్రత్యక్షప్రసారం ఇస్తామని అమ్మాయి చెప్పింది. తెల్లవారుజామున మూడింటికే లేచి, నేనూ మా ఇంటావిడా నా పాత లాప్‌టాప్ ముందు కూర్చొన్నాము. మొదటి అంశాలు ఎలాగో నడిచాయి. తరంగం మొదలై, పిల్ల ఇత్తడి పళ్లెం అంచున కాలు మోపిందో లేదో, బొమ్మ బిగుసుకొనిపోయింది. మృదంగం మాత్రం వినిపిస్తూనే ఉన్నది. పెట్టెలోని పంకా ఆ మృదంగాన్ని కూడా మింగేటట్లు హోరుపెట్టింది. "ఏమండీ, పళ్లెం మీద నిలబడిందంటారా?" అని ఆవిడ అడిగింది. నేనేం చెప్పగలను?

ఆ లాప్‌టాప్ 2012 నాటిది. దాని గ్రాఫిక్సుకు హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోను విప్పడం తెలుసు. మాకు వచ్చినది వీపీ9 అనే తరువాతి పద్ధతిలో. అది తెలియని గ్రాఫిక్సు చేతులు ముడుచుకొన్నది. భారమంతా ప్రాసెసరు మీద పడింది. ఆ వేడికి పంకా. ఈ కార్యకారణసంబంధం నాకు నెల తరువాత గాని బోధపడలేదు. బోధపడిన నాటి నుండి పట్టుదల పెరిగింది.

మొదట నేను చేసిన పొరపాటు అంకెలను నమ్మడం. ఇంటెల్ వారు తమ గ్రాఫిక్సును అప్పట్లో ఎగ్జిక్యూషన్ యూనిట్లలో లెక్కించేవారు, ఏఎండీ వారు కంప్యూట్ యూనిట్లలో, ఆపిల్ వారు కోర్లలో. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈలో పెద్దదానికి 96, ఏఎండీ రేడియాన్ 680ఎంకు 12, ఆపిల్ ఎం1కు 8. ఈ మూడూ ప్రక్కప్రక్కన చూచి 96 గలదే గొప్పదనుకొన్నాను. ఒకరు సోలతో, ఒకరు మానికతో, మరొకరు కుంచంతో కొలిచిన ధాన్యం అది! విడదీసి చూస్తే ఇంటెల్ యూనిట్ ఒక్కొక్కదానిలో 8 గణనమార్గాలు, ఏఎండీ దానిలో 64, ఆపిల్ దానిలో 128. అప్పుడు మొదటి రెండూ సరిగ్గా 768 చొప్పున తేలుతాయి. 8 అని చిన్నచూపు చూచినది 1024 అవుతుంది.

పోనీ, ఒకే సంస్థవి పోల్చితే చాలునా? అదీ చాలదు. 2016లో వచ్చిన కోర్ ఎం3-7వై30లోనూ, కోర్ ఐ5-7200యూలోనూ గ్రాఫిక్సుకు 24 యూనిట్లే. గరిష్ఠవేగం ఒకదానికి 900 మెగాహెర్ట్జ్, రెండవదానికి 1000. కాగితం మీద కవలపిల్లలు. కాని మొదటిదానికి విధించిన విద్యుత్తు 4.5 వాట్లు, రెండవదానికి 15. మొదటిది పంకా లేకుండా పలుచని పెట్టెలో ఇముడుతుంది. కొద్దిసేపు పరుగెత్తి, వేడెక్కగానే అడుగు నెమ్మదిస్తుంది. రెండవది పంకా వేసుకొని పరుగు సాగిస్తుంది. గణాలు సరిపోయినంత మాత్రాన రెండు పద్యాల నడక ఒకటి కాదని పిల్లలకు ముప్ఫయి యేండ్లు చెప్పినవాడిని, ఇక్కడ తప్పులో కాలేశాను.

ఆ తరువాత ఒక పలుచని లాప్‌టాప్ కొన్నాను. కోర్ ఐ5-1135జీ7. దుకాణం చీటీ మీద ఐరిస్ ఎక్స్ఈ అని స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఇంటికి వచ్చి చూస్తే యంత్రం తన పేరు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చెప్పుకొంటున్నది. మోసపోయానని రాత్రంతా నిద్ర లేదు. మరునాడు, ఒకప్పుడు నా వద్ద చదివి ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిచాను. అతడు వెనుక మూత విప్పి, "మాస్టారూ, ఇందులో ర్యామ్ ఒక్క పట్టీయే ఉందండీ. రెండోది పెడితే పేరు మారుతుంది" అన్నాడు. పరిహాసమనుకొన్నాను. 8 జీబీ పట్టీ ఇంకొకటి తెచ్చి పెట్టాడు. నిజంగానే పేరు మారింది!

బాలవ్యాకరణం సంజ్ఞాపరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. పేర్ల సంగతి తేల్చుకోనిదే ముందుకు పోకూడదు. ఇక్కడి సంగతి ఇది. ఇటువంటి గ్రాఫిక్సుకు సొంత జ్ఞాపకశక్తి లేదు, ప్రాసెసరుతో పంచుకొని వాడుకోవాలి. డీడీఆర్4-3200 పట్టీ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండుంటే 51.2. యూనిట్లు ఎన్ని ఉన్నా మేత అందనిదే అవి పనిచేయవు. అందుకే రెండు మార్గాలుంటేనే ఐరిస్ అనే పేరు ఇస్తారు. సత్యం చెప్పాలంటే, పేరు మారాక నా చదువుకూ వ్రాతకూ పెద్ద తేడా కనిపించలేదు. సెలవులకు వచ్చిన మనుమడి ఆటలకు మాత్రం బాగా కనిపించింది.

ఆ యంత్రంలో తరంగం ఆగకుండా చూశాము. కథ అక్కడితో ముగిసేదే గాని, 2023లో ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నది. శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి మంచమే. లాప్‌టాప్‌ను దుప్పటి మీద పెడితే గాలిరంధ్రాలు మూసుకొనిపోయి హోరు, వేడి. ఫోనులో చూపిస్తే పాదాలు ఆవిడ కంటికి ఆనవు. పంకా లేనిదీ, చేతిలో పట్టుకోగలదీ కావలసివచ్చింది.

అప్పుడు రెండింటి మధ్య ఊగిసలాడాను. ఇంటెల్ ఎన్100 గల టాబ్లెట్లు చవుక. 6 వాట్లు, 24 యూనిట్లు, అంటే 192 మార్గాలే. జ్ఞాపకానికి ఒక్కటే దారి. ఐనా ఏవీ1 అనే సరికొత్త వీడియో పద్ధతిని విప్పే విభాగం అందులో ఉన్నది. అయిదింతల మార్గాలున్న ఎం1లో అది లేదు! వీడియో విప్పే పని వేరు, బొమ్మ గీసే బలం వేరు. రెండూ ఒకే పేరు క్రింద అమ్ముతారు కనుక మనకు తెలియదు. నాకు మొగ్గు ఎన్100 వైపే ఉండేది. కాని ఏవీ1 తెలియని యంత్రానికి యూట్యూబ్ ఇతర పద్ధతుల్లోనూ పంపుతుందనీ, ఎం1కు వీపీ9 వచ్చుననీ తెలిసింది. చివరకు తూకమే తేల్చింది. ఎం1 ఉన్న ఐపాడ్ ఎయిర్ 461 గ్రాములు. ధర చూచి రెండు రోజులు ఆలోచించి, అదే కొన్నాను.

ఇప్పుడు కొనేవారికి ఇంకా మంచివి వచ్చాయి. 2024లో ఇంటెల్ వారు లూనార్ లేక్‌లో జ్ఞాపకాన్ని ప్రాసెసరు ప్రక్కనే, ఒకే పీట మీద కూర్చోబెట్టారు. మూల విద్యుత్తు 17 వాట్లు, జ్ఞాపకపు వేగం సెకనుకు 136 గిగాబైట్ల పైచిలుకు. విడిగా పట్టీ కలిపే వీలు మాత్రం పోయింది. కొనేనాడే 16 జీబీయా 32 జీబీయా అని తేల్చుకోవాలి. మూత విప్పి పేరు మార్చిన మా అబ్బాయి విద్య ఇక అక్కరకు రాదు.

కొన్న సాయంత్రమే ఆవిడ దిండ్లకు ఆనుకొని తరంగం పెట్టమన్నది. పిల్ల పళ్లెం దగ్గరకు వచ్చింది, అంచున కాలు మోపింది. బొమ్మ ఆగిపోయింది. గుండె గతుక్కుమని వంగి చూశాను. ఆవిడే వ్రేలితో ఆపి, పాదాలను పెద్దవి చేసుకొని చూస్తున్నది. "పారాణి ఎవరు పెట్టారో, బాగా పెట్టారు" అన్నది.

టాబ్లెట్ వీపు ముట్టుకొని చూశాను. గోరువెచ్చగా ఉన్నది, అంతే.