సీసం కుండలూ, ఎజ్రా స్ట్రీటూ

లైనోటైపు యంత్రం గురించి రాసినవాళ్లంతా దాని మీటల గురించి రాస్తారు. పైనుంచి గలగలమని జారే ఇత్తడి అచ్చుల గురించి రాస్తారు. ఆ అచ్చుల వెనకాల రోజంతా ఉడుకుతూ కూర్చున్న సీసం కుండను పట్టించుకున్నవాళ్లు తక్కువ. నా చేతులు ఎక్కువగా మెలిగింది ఆ కుండతోనే.

శ్రీకాకుళం వైపు నుంచి హౌరా మెయిలెక్కి టీటాగఢ్ జూటు మిల్లులకు వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. మా మావయ్యకు మిల్లు పడలేదు. బౌబజారు దగ్గరి ఒక ప్రెస్సులో కరెంటు మిస్త్రీగా కుదిరి, నన్నూ వెంటబెట్టుకుపోయాడు. డెబ్భైల నాటి మాట. బెంగాలీలు ఆయన్ని ‘రావ్‌బాబు’ అనేవారు, నన్ను ‘రావ్‌బాబు భాగ్నే’, అంటే మేనల్లుడు, అనేవారు. నాకంటూ పేరొకటి ఉందని అక్కడ చాలామందికి తెలియదు.

లైనోటైపు యంత్రాన్ని అమెరికాలో మెర్గెంథేలర్ అనే గడియారాల పనివాడు తయారుచేశాడు. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో పనిలో పెట్టారు. ఆపరేటరు మీటలు నొక్కితే ఒక పంక్తికి సరిపడా అచ్చులు వరసగా వచ్చి నిలబడతాయి. అప్పుడు కుండలోని ప్లంజర్ దిగి, కరిగిన లోహాన్ని గొంతులోంచి మూతికీ, మూతిలోంచి అచ్చుల మీదికీ తోస్తుంది. మరుక్షణం గట్టిపడ్డ పంక్తి, దాన్ని స్లగ్ అంటారు, వేడివేడిగా పళ్లెంలో పడుతుంది. పేపరు అచ్చయ్యాక ఆ స్లగ్గులన్నీ కరిగి మళ్లీ కుండలోకే. ఇవాళ మంత్రిగారి ఉపన్యాసమైన సీసమే రేపు ఫుట్‌బాల్ స్కోరవుతుంది.

కుండలో ఉండేది ఉత్త సీసం కాదు. నూటికి 85 పాళ్ల దాకా సీసం, 11 పాళ్లు యాంటిమొనీ, మిగిలింది తగరం. యాంటిమొనీ గట్టిదనమిస్తుంది, చల్లారేటప్పుడు ముడుచుకుపోకుండా కాస్తుంది. తగరం వల్ల లోహం పల్చగా పారి అక్షరం మూలమూలకీ చేరుతుంది. ఈ మిశ్రమం 240 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో కరుగుతుంది గాని, కుండను 280 చుట్టుపక్కల నిలపాలి. కాస్త తగ్గితే అక్షరం ముఖం మొరటుగా వస్తుంది. కాస్త పెరిగితే స్లగ్ లోపల గుల్లవుతుంది, పైన మడ్డి పెరుగుతుంది, ఒక్కోసారి మూతి దగ్గర లోహం చిమ్ముతుంది. మా ఉద్యోగమంతా ఈ ఇరుకులోనే.

మొదట్లో ఇలాంటి కుండల కింద గ్యాసు మంటే ఉండేది. తరవాత కరెంటు హీటర్లు వచ్చాయి. కుండకు కొన్ని, గొంతుకు ఒకటి, మూతికి ఒకటి. చూడ్డానికి అన్నిటికంటే చిన్నది మూతి హీటరే, సతాయించడంలో అదే పెద్దది. మిగతావి లోహంలో మునిగో లోహానికి ఆనుకునో ఉండి వేడిని అప్పగించేస్తాయి. మూతి దగ్గర ఒక పక్క ఎర్రటి తీగ, రెండో పక్క ప్రతి పంక్తికీ వచ్చి తగిలే చల్లటి ఇనుము. కాగడం, చల్లారడం, మళ్లీ కాగడం. ఆ తీగకు విసుగెత్తి తెగిపోయేది. పత్రిక బయటికెళ్లాల్సిన వేళ చూసుకుని తెగేదని మావయ్య నమ్మకం.

కొత్త హీటరు కావాలంటే ఇంగ్లండులో మా యంత్రాన్ని చేసిన ఆల్ట్రింక్‌హామ్ ఊరి నుంచి రావాలి. అవి దిగుమతి లైసెన్సుల రోజులు. దరఖాస్తు, బ్యాంకు కాగితాలు, ఓడ, కిదిర్‌పూర్ రేవు, కస్టమ్స్. ఇన్ని దాటి హీటరు వచ్చేసరికి దాని కోసం దరఖాస్తు పెట్టిన మేనేజరు రిటైరైనా అయ్యుండొచ్చు. అందుకని కాలిన హీటర్ని గుడ్డలో చుట్టుకుని మేము ఎజ్రా స్ట్రీటుకు నడిచేవాళ్లం.

ఎజ్రా స్ట్రీటు అంటే కలకత్తా కరెంటు సామాను మొత్తం ఒకే సందులో కుక్కినట్టు. యూదుల ఇంటిపేరున్న ఆ వీధిలోనే రుస్తుంజీ కోవాస్‌జీ 1839లో కట్టించిన పార్సీల అగ్ని ఆలయం ఉంది. దాని గోడల చుట్టూ హీటర్లమ్మే దుకాణాలు వెలవడం నాకు భలే ముచ్చటగా ఉండేది. మావయ్య దుకాణదారుతో బేరం మొదలెట్టడు. కాలిన హీటర్ని బల్ల మీద పెట్టి ఊరుకుంటాడు. అవతలి మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు, గోటితో మైకా పొర లేపుతాడు, తీగ ముక్క నొక్కి చూస్తాడు. ఆ తరవాత లోపలికెళ్లి ఒక డబ్బా తెస్తాడు, లేదా ఫలానా సందులో ఫలానా ముసలాయన్ని కలవమంటాడు. పార్టు నంబరు ఎవరూ అడగలేదు. క్యాటలాగు ఎవరి దగ్గరా లేదు. వస్తువును చేతిలోకి తీసుకుంటే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగల మనుషులు అరమైలు లోపల పదిమంది ఉండేవారు. పోయింది యంత్రం కాదు, ఆ పదిమంది అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

తీగ అంటే నిక్రోమ్. నికెలూ క్రోమియమూ కలిపిన ఈ లోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు తీసుకున్నాడు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె దగ్గర్నుంచి ఫ్యాక్టరీ కొలిమి దాకా దాని సంతానమే. లెక్క సులువు. 220 వోల్టుల మీద 500 వాట్ల హీటరు కావాలంటే సుమారు 97 ఓములుండాలి. తీగను మీటరుతో కొలుచుకుంటూ అంత పొడవు కోసి మైకా రేకు మీద చుట్టాలి. కష్టమంతా చుట్టడంలో ఉంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం సమానంగా లేకపోతే దగ్గరైన చోట ఎర్రబడి అక్కడే తెగుతుంది. కొసల దగ్గర తీగను రెండు పేటలుగా మెలేస్తే ఆ భాగం తక్కువ కాగుతుంది, బిగించిన స్క్రూ కాలదు. ఈ మెలిక నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చాందినీ మార్కెట్టు వెనక కూర్చునే ఒక ముసలాయన చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

మైకా కోసం కలకత్తా దిగులు పడనక్కర్లేదు. కోడర్మా, గిరిడీ గనుల సరుకు విదేశాలకు ఓడెక్కేది ఇక్కడే. అక్కడిది ఎర్ర ఛాయ మైకా. ఆకుపచ్చ ఛాయ ఉన్నది మన నెల్లూరు, గూడూరు వైపు గనులది. ఒకసారి దుకాణంలో పచ్చటి రేకు కనిపిస్తే, ‘ఇది మా దేశం సరుకు’ అని మావయ్య గర్వంగా నాతో తెలుగులో అన్నాడు. శ్రీకాకుళం మనిషికి గూడూరు ఎంత దూరమో అప్పుడు నేను అడగలేదు. కలకత్తాలో ఉంటే గూడూరు కూడా పక్కూరే.

నిప్పుమట్టి రాణీగంజ్ నుంచి వచ్చేది. విరిగిన ఇనుప బ్రాకెట్లకూ, అరిగిన ప్లంజర్లకూ గంగ దాటాల్సిందే. హౌరాలో బెలీలియస్ రోడ్డు పొడుగునా లేతులు, పోతపని షెడ్లు. వాటి వల్లే హౌరాను తూర్పుదేశాల షెఫీల్డ్ అనేవారు. ప్లంజర్ బిగుతు మరీ ఎక్కువైతే ఇరుక్కుంటుంది, వదులైతే లోహం పక్కలనుంచి పైకి తన్నుతుంది. లేతు మీది కుర్రాడికి ఈ సంగతి చెప్పబోతే నవ్వి, ‘హోయే జాబే’ అనేవాడు. అయిపోతుందిలే అని. నిజంగానే అయిపోయేది.

వానాకాలం మాకు పరీక్ష. తొడుగు గొట్టాల్లో ఉండే హీటర్లలో తీగ చుట్టూ మెగ్నీషియా పొడి నింపి ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆషాఢంలో నాలుగు రోజులు సెలవిచ్చి వచ్చి స్విచ్చి వేస్తే ఫ్యూజు ఎగిరేది. ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూసి, తేమ పట్టిన హీటర్ని ఊడదీసి వెచ్చటి చోట ఆరబెట్టి, తరవాతే బిగించాలి. తేమతో అంతకు మించిన ప్రమాదం ఇంకోటుంది. తడిసిన సీసం కడ్డీని కరిగిన లోహంలో వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని పైకి ఎగజిమ్ముతుంది. కింది అంతస్తులో స్లగ్గులు కరిగించే పెద్ద కొలిమి దగ్గర కడ్డీలన్నీ అంచు మీద పేర్చి ఉండేవి, వేడికి ఆరాకే లోపలికి. ఆ కొలిమి దగ్గర మడ్డి తీయడం వేరే విద్య. గుగ్గిలం పొడి చల్లి కలిపితే మంచి లోహం కిందికి దిగి మడ్డి పొడిపొడిగా తేలుతుంది. పొగ మాత్రం మెట్లెక్కి ప్రూఫులు దిద్దేవాళ్ల దాకా వెళ్లేది. సీసం ఒంటికి పట్టకుండా బెల్లం, పాలు ఇచ్చేవారు. బెల్లం తిన్నాం, పాలు తాగాం, ఆ చేతులతోనే. చేతులు కడుక్కోమని గట్టిగా చెప్పినవాళ్లు లేరు. అదే అసలు మందని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక కరెంటు సంగతి. కలకత్తాకు కంపెనీ కరెంటు వచ్చింది 1899 ఏప్రిల్‌లో, ఇమాంబాగ్ లేన్ పవర్ స్టేషను నుంచి, డీసీ రూపంలో. ఊరంతా ఏసీకి మారుతున్నా నడిబొడ్డున కొన్ని వీధుల్లో డీసీ చాలాకాలం సాగింది. హీటరుకు ఏసీ అయినా డీసీ అయినా ఒకటే, కాలడమే దాని పని. థర్మోస్టాట్‌కు అలా కాదు. ఏసీ సెకనుకు వందసార్లు సున్నా దగ్గరికొస్తుంది కాబట్టి కాంటాక్టు విడిపోయినప్పుడు నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీలో ఆ రవ్వ సాగుతుంది, కాంటాక్టు ముఖాల్ని తినేస్తుంది. మా పక్క ప్రెస్సువాళ్లకు లైను ఏసీకి మారినప్పుడు పాత కాంటాక్టరు కాయిల్ గుర్రుమంటూ కూర్చుంది తప్ప పట్టలేదు. మావయ్య దాన్ని విప్పి వేరే చుట్లతో చుట్టించాక పట్టింది. ఆ రాత్రి వాళ్లు మాకు బిర్యానీ తెప్పించారు.

లోడ్ షెడ్డింగ్ వచ్చాక ఆ ముచ్చట్లూ పోయాయి. డెబ్భైల చివర, ఎనభైల్లో కలకత్తా కరెంటు పోయిందంటే గంటలు. కుండలో లోహం గడ్డకట్టేది, ప్లంజర్ అందులోనే సమాధి. తిరిగి కరెంటొచ్చాక తొందరపడితే మహా కీడు. అడుగున కరిగి, పైన పెళ్లు గట్టిగా ఉన్నప్పుడు కింది లోహం వేడికి ఉబ్బి ఎక్కడ దారి దొరికితే అక్కడ తన్నుకొస్తుంది. ఎడిటరు గారు మెట్ల మీద నిలబడి ఎంత కేకలేసినా పైనా కిందా గొంతులోనూ పూర్తిగా కరిగేదాకా మావయ్య ఎవర్నీ యంత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆ గంటసేపూ ఆ ప్రెస్సుకు ఎడిటరు ఆయనే.

ఆ ఊళ్లో ఈ సీసానికి పెద్ద వంశమే ఉంది. గంగ ఒడ్డునే పైకి పోతే శ్రీరాంపూర్. అక్కడ పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ అక్షరాలు చెక్కిన మిషన్ ప్రెస్సు 1812 మార్చి 11 రాత్రి తగలబడింది. పోతపోసిన అక్షరాలన్నీ ముద్దగా కరిగాయి. పంచులు, మాతృకలు మాత్రం మిగిలాయి. బూడిదలో దొరికిన లోహంతోనే వాళ్లు మళ్లీ పోత మొదలెట్టారు. రెండేళ్లకు, 1814లో, మిషనరీ విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది అక్కడే. తరవాత ఆనందబజార్ పత్రిక 1935లో బెంగాలీ లైనోటైపుకు మారింది. సురేశ్‌చంద్ర మజుందార్ అందుకు పట్టుబట్టాడు, వందల సంయుక్తాక్షరాల్ని 90 మీటల యంత్రానికి కుదించడానికి రచయిత రాజశేఖర్ బసు తోడయ్యాడు. మన వత్తులూ గుణింతాలూ తలచుకున్నప్పుడల్లా వాళ్ల ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

న్యూయార్క్ టైమ్స్ 1978 జూలైలో సీసాన్ని వదిలేసింది. మా ప్రెస్సు ఎనభైల్లో ఫోటో కంపోజింగుకు మారింది. ఒకటొకటిగా యంత్రాల్ని ఊడదీసి తూకానికి అమ్మారు. పోత ఇనుము హౌరా కొలుముల్లోకి, ఇత్తడి ఇంకెవరికో, సీసం వేరే వ్యాపారులకు. కుండల్ని గొలుసులతో దింపుతుంటే మావయ్య మూతి హీటర్లు మాత్రం విప్పి దాచుకున్నాడు, ఏదైనా ప్రెస్సువాళ్లు అడగొచ్చని. కొన్నేళ్ల దాకా అడిగేవారు కూడా. పెళ్లి పత్రికల ప్రెస్సువాళ్లు, రసీదు పుస్తకాలవాళ్లు.

ఇప్పటికీ ఎవరైనా పాత కుండను మళ్లీ కాచాలనుకుంటే సగం పని తేలికే. కొలత ఇస్తే హౌరాలో కార్ట్రిడ్జ్ హీటర్లు చేసిస్తారు. పాత థర్మోస్టాట్ బదులు డిజిటల్ కంట్రోలరు, థర్మోకపుల్ పెట్టుకోవచ్చు. దానికి కాంటాక్టరు విడిగా ఉండాలి, కరెంటంతా కంట్రోలరు మీద వేయకూడదు. థర్మోకపుల్ గోడకు కాకుండా లోహంలో మునగాలి. మూతి హీటరు దగ్గరికొచ్చేసరికి మాత్రం మైకా, నిక్రోమ్, కొసల్లో రెండు పేటల మెలిక, ఇవి తప్ప నాకు వేరే దారి తెలియదు.