గులాబీరంగు ఇల్లు!

అమెరికాలో న్యూయార్క్‌ నగరం నుంచి ఉత్తరంగా రెండు గంటలకు పైగా కారులో వెళితే క్యాట్‌స్కిల్‌ కొండలు. అక్కడ వెస్ట్‌ సాగర్టీస్‌ దగ్గర చెట్ల మధ్య ఓ సన్నటి దారి. దాని మీద గులాబీరంగు గోడల ఇల్లు. అంతే! చూడ్డానికి ఇంకేమీ లేదు. అయినా రాక్‌ సంగీతమంటే చెవి కోసుకునేవాళ్లు దాన్ని వెతుక్కుంటూ వస్తారు.

దాని ముద్దుపేరు బిగ్‌ పింక్‌. 1967లో రిక్‌ డాంకో, రిచర్డ్‌ మాన్యుయెల్‌, గార్త్‌ హడ్సన్‌ అనే ముగ్గురు కెనడా కుర్రాళ్లు అందులో అద్దెకు దిగారు. అంతకుముందు వాళ్లు బాబ్‌ డిలాన్‌ కచేరీల్లో వాయించేవారు. డిలాన్‌ జానపద బాణీ వదిలి ఎలక్ట్రిక్‌ గిటారు పట్టాడని అభిమానులకు కోపం. ఊరూరా వెక్కిరింపులే. అవి భరించలేక డ్రమ్మర్‌ లెవాన్‌ హెల్మ్‌ 1965లోనే వెళ్లిపోయి, సముద్రంలో చమురు బావుల దగ్గర పనికి కుదిరాడు. 1966 జులైలో డిలాన్‌ మోటార్‌సైకిల్‌ మీంచి పడ్డాడు. కచేరీలు ఆగిపోయాయి.

ఆ తీరికే కలిసొచ్చింది. దగ్గర్లోని వుడ్‌స్టాక్‌లో ఉంటున్న డిలాన్‌ ఈ ఇంటికి వచ్చేవాడు. గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్‌ కూడా. సెల్లార్‌లో సిమెంటు గోడల మధ్య చేరి పాత జానపదాలు, బ్లూస్‌, అప్పటికప్పుడు కట్టిన పాటలు... వందకు పైగా పాడారు. హడ్సన్‌ టేపు మీద రికార్డు చేసేవాడు. వినడానికి జనం లేరు. వెక్కిరించడానికీ లేరు! కబురందుకుని హెల్మ్‌ తిరిగొచ్చాడు.

1968 జులై 1న ‘మ్యూజిక్‌ ఫ్రమ్‌ బిగ్‌ పింక్‌’ ఆల్బమ్‌ వచ్చింది. బృందం పేరు ‘ద బ్యాండ్‌’. తమాషా ఏంటంటే, ఆ పాటల్ని రికార్డు చేసింది ఈ ఇంట్లో కాదు, న్యూయార్క్‌, లాస్‌ఏంజెలిస్‌ స్టూడియోల్లో! ఇంటి నుంచి వెంట తీసుకెళ్లింది పాడే పద్ధతిని. ఒకరు ఆపితే మరొకరు అందుకుంటారు, అరుగు మీద కూర్చుని పాడుకుంటున్నట్టు. బయటేమో గిటార్లు హోరెత్తుతున్న రోజులు, పెద్దల మాట కుర్రకారుకు గిట్టని రోజులు. వీళ్లు మాత్రం అమ్మానాన్నల్నీ చుట్టాల్నీ నిలబెట్టి తీయించిన ఫొటోను ఆల్బమ్‌లో వేశారు. అట్ట మీది బొమ్మ డిలాన్‌ గీసిందే.

అందులో బాగా తెలిసిన పాట ‘ద వెయిట్‌’. దాన్లో వచ్చే నజరేత్‌ బైబిల్లోది కాదు, మార్టిన్‌ గిటార్లు తయారయ్యే పెన్సిల్వేనియా పట్టణం. రాబర్ట్‌సన్‌కు ఆ పేరు దొరికింది తన గిటారు లోపలి చీటీలో! ఆల్బమ్‌ అమెరికా జాబితాలో 30వ స్థానం దాటి పైకి పోలేదు. కానీ అది విన్న ఎరిక్‌ క్లాప్టన్‌ తన సంగీతం దారే మార్చుకున్నాడు.

బిగ్‌ పింక్‌ ప్రైవేటు ఇల్లు. అడక్కుండా లోపలికి వెళ్లకూడదు. ఆ అయిదుగురిలో చివరివాడు హడ్సన్‌ 2025 జనవరిలో కన్నుమూశాడు. చమురు బావుల నుంచి తిరిగొచ్చిన హెల్మ్‌, ఈ ఇంట్లో అద్దెకున్న డాంకో వుడ్‌స్టాక్‌ శ్మశానంలో పక్కపక్కనే ఉన్నారు.