భాగ్యనగరమున రెండు రాత్రులు

గడచిన సంక్రాంతి వెళ్లిన పిమ్మట మేము తొమ్మండుగురము స్త్రీలము, పురుషులెవ్వరును వెంటలేకయే, హైదరాబాదు పోయి రెండు రాత్రులుండి వచ్చితిమి. మాలో నైదుగురు జగ్గయ్యపేట వారు, నలుగురు నందిగామ వారు. ఇట్టి యాత్ర తలపెట్టినవారు పలువురు మమ్ము వివరములడుగుచున్నందున మాకు తెలిసినంత వ్రాయుచున్నాము. అందు మేము చేసిన పొరపాటొకటి కలదు. దానిని దాచినచో ఈ వ్యాసము వలన ప్రయోజనము లేదు.

మొదట ఇంట పుట్టిన ప్రశ్న, “పగలు పోయి రారాదా? రాత్రి యేల?” అని. హైదరాబాదు రాత్రి యనగా మద్యశాలలు, చెవులు పగులు పాటలు అని కొందఱి తలపు. అవియు నచట కలవు. కాని యా పట్టణమునకు వేఱొక రాత్రియు నున్నది. 1591లో కట్టిన చార్మినారునకు పడమట లాడుబజారు కలదు. అచటి గాజుల దుకాణములు దీపములు వెలిగిన పిమ్మటనే కన్నులపండుగగా నుండును. రంజాను మాసమున ఆ బజారు తెల్లవారుజాము వఱకు నిద్రపోదు. నాంపల్లిలో జనవరి మొదలు దాదాపు నెలన్నర సాగు పారిశ్రామిక ప్రదర్శనమునకు, జనులు నుమాయిషు అనుదానికి, అసలు శోభ రాత్రిదే. అది 1938లో పబ్లికు గార్డెన్సులో మొదలై, 1946లో ఇప్పటి మైదానమునకు మారినది. అందొక దినమును స్త్రీలకే ప్రత్యేకించు ఆచారమును కలదు.

మేమిన్ని చెప్పినను మావారు తటపటాయించుచుండగా, అరువదియెనిమిదేండ్ల మా అత్తగారు వంటయింటి గడపలో నిలిచి, “పెనుగంచిప్రోలు తిరునాళ్లకు మేం రాత్రిపూట బళ్లు కట్టుకుని పోలేదట్రా? మునేటి ఇసకలో పడుకోలేదట్రా?” అనిరి. మావారు మఱి మాటాడలేదు. అత్తగారును మాతో బయలుదేరిరి.

ఇక ప్రయాణపు సంగతులు. నందిగామ వారు తమ యూరిలోను, మేము చిల్లకల్లు కూడలిలోను ఒకే బస్సెక్కునట్లు టికెట్లు ముందుగానే తీసితిమి. ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యము కలిగినను, అది రాష్ట్రము దాటు బస్సులకు వర్తింపదు. తెలంగాణములో 2023 డిసెంబరు 9 నుండి నడచుచున్న ఉచిత ప్రయాణము ఆ రాష్ట్రపు స్త్రీలకే. కనుక మన ఆధారు కార్డు చూపి అచట వాదులాడుట వ్యర్థము. చార్జీలు లెక్కలో వేసికొని బయలుదేరవలయును.

మన వైపునుండి పోవువారు ఊరిలోపలి వఱకు బస్సులో పోనక్కఱలేదు. ఎల్.బి.నగరులో దిగినచో నచటనే మెట్రోరైలు దొరకును. ఆ రైలు మార్పు లేకుండ మహాత్మాగాంధీ బస్సుస్టేషను మీదుగా గాంధీభవను, నాంపల్లి స్టేషనులకు పోవును. చార్మినారునకు పోవువారు బస్సుస్టేషను కడ దిగి ఆటో మాటాడుకొనవలయును. నుమాయిషునకు పోవువారు గాంధీభవనులోనో నాంపల్లిలోనో దిగి నడచిపోవచ్చును. రాత్రి చివరిరైలు ఎన్నిగంటలకో, దిగునప్పుడే స్టేషనులో నడిగి తెలిసికొనుడు. తిరుగు వేళ నిర్ణయింపవలసినది ఆ రైలే కాని మన ముచ్చట కాదు.

ధనము విషయమున తలకు రెండువేలు వేసి, ఆటోలకు, ఫలహారములకు ఒక్కరే చెల్లించునట్లు ఏర్పాటు చేసితిమి. చిల్లఱకై తొమ్మండుగురు తొమ్మిది సంచులు విప్పు గొడవ తప్పినది. మెడలో నగలు ఇంటనే విడిచితిమి. ఫోనులో అన్నియు నున్నవని నమ్మరాదు. బస చేసిన యింటి చిరునామా, రెండు ఫోను సంఖ్యలు కాగితముపై వ్రాసి ప్రతివారును రవికలో నుంచుకొంటిమి. ఆపద కలిగినచో 112, స్త్రీల సహాయమునకు 181, వైద్యపు బండికి 108 అని ఆ కాగితము వెనుక వ్రాసితిమి.

గాజులు కొనువారికొక మాట. గాజుల కొలత 2-4, 2-6, 2-8 అని యుండును. రెండంగుళములపై అంగుళములో పదునాఱవ వంతులు నాలుగు, ఆఱు, ఎనిమిది అని దాని యర్థము. ఇంటనున్న వారికి తేదలచినచో వారి పాతగాజొకటి వెంట తీసికొనిపోవుడు. లక్కను నిప్పుల సెగపై మెత్తపఱచి, సాగదీసి, వలయముగా చుట్టి, చేతితో ఱాళ్లు పొదుగుదురు. కావున ఱాళ్లు కదలుచున్నవేమో గోటితో తాకి చూచి మఱి కొనుడు.

మొదటి రాత్రి లాడుబజారులో మేము రెండు గుంపులుగా విడిపోయి, “తొమ్మిదిగంటలకు చార్మినారు క్రింద” అనుకొంటిమి. ఆ కట్టడమునకు నాలుగు వైపుల నాలుగు కమానులు, అన్నియు నొక్కటే పోలిక. మేము తూర్పున నిలిచితిమి, వారు పడమట నిలిచిరి. అరగంట గడచిన పిమ్మట కలిసికొని నవ్వుకొంటిమి. మఱునాటినుండి కలియు చోటును దుకాణపు పేరుతో సహా చెప్పుకొంటిమి. జంటలు కట్టితిమి. ఎక్కిన చోట, దిగిన చోట “ఒకటి, రెండు” అని ఎవరి సంఖ్యను వారు బిగ్గరగా చెప్పితిమి.

భారతమున దమయంతి యడవిలో దిక్కులేక వర్తకుల సార్థముతో కలిసి చేదినగరము చేరిన కథ మనకు తెలిసినదే. ఆ సార్థము రాత్రి విడిసిన చోటు ఏనుగులు నీటికిపోవు త్రోవ యని వారెఱుగరు. గుంపు పెద్దదే, ధనము కలదే, తెలియవలసినదొక్కటి తెలియక చెడిరి. నుమాయిషులో 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదము కలిగి, ప్రాణనష్టము లేకున్నను వందలకొలది దుకాణములు కాలిపోయినవి. అందుచేత మేము లోపల అడుగిడగానే బయటికి పోవు ద్వారములెచటనున్నవో చూచుకొంటిమి. ఇక మాకు తెలియనిదేమియు లేదని ధైర్యపడితిమి.

రెండవ రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట, చీరల దుకాణముల నడుమ మా అత్తగారు మా భుజము పట్టుకొని, “ఏం లేదమ్మా, కాస్త కళ్లు తిరిగాయి” అనుచు క్రిందికి జాఱిరి. దుకాణపుటామె పీట వేసెను. బురఖా ధరించిన పెద్దామె యొకతె చుట్టుమూగిన వారిని తొలగించి, అత్తగారి పాదములు తన యొడిలో నుంచుకొని రుద్దుచు కూర్చుండెను. ఆమె మాట అత్తగారికి తెలియదు, అత్తగారి మాట ఆమెకు తెలియదు. అత్తగారికి చక్కెరవ్యాధి కలదు. స్పృహయుండి మ్రింగగలిగిరి కనుక చక్కెర కలిపిన నీళ్లు కొంచెము కొంచెముగా నిచ్చితిమి. స్పృహ లేనివారి నోట నేమియు పోయరాదు, వెంటనే 108కి చెప్పవలయును. కొంతసేపటికి వారు తేఱుకొనిరి. మఱునాడు వైద్యురాలు చూచి, మాత్ర వేసికొని వేళకు భుజింపకపోవుట యొకటి, పగలెల్ల నీరు త్రాగకపోవుట యొకటి కారణమని చెప్పెను.

ఆ రాత్రి బసలో మేమడిగితిమి, నీళ్లేల త్రాగలేదని. అత్తగారు గోడవైపు తిరిగి, “తాగితే మళ్లీ పోవద్దూ? అంతమందిలో ఎక్కడని అడగను?” అనిరి. తిరునాళ్లకు రాత్రివేళ బండి కట్టుకొనిపోయిన ధైర్యశాలి యామె. రాత్రికి వెఱువలేదు, ఈ యొక్క మాట యడుగుటకు వెఱచిరి.

అప్పుడు మేము మా సంచిలోని సీసా తీసితిమి. నిండుగా నున్నది. తక్కినవారును తమవి తీసి గోడప్రక్క వరుసగా నుంచిరి. తొమ్మిది సీసాలలో ఏడింటి మూతలు తీయనేలేదు. ఒక్కరును మాటాడలేదు. చెప్పుకొనకయే అందఱమును అదే పని చేసితిమి. ఇంటికి వచ్చి మావారితో చెప్పగా, బడిలో ఆడపిల్లలు పలువురు ఉదయము తెచ్చిన సీసాలను సాయంకాలము నిండుగానే తీసికొనిపోవుదురని వారనిరి. అలవాటు ఎచట మొదలగునో అప్పుడు తెలిసినది.

కావున సోదరీమణులారా, మీ జాబితాలో మొదట వ్రాయవలసినది చీరల దుకాణము కాదు. ఎవరికే మాత్రలు, ఏ వేళకు అన్నది మొదట వ్రాయుడు. మెట్రో స్టేషనులలో మరుగుదొడ్లు కలవు. రైలు దిగగానే అందఱును కలిసి పోయి రండు. ప్రదర్శనము వంటి చోట ద్వారముకడ టికెట్టు కొనునప్పుడే, “మరుగుదొడ్డి ఎచట?” అని గుంపులో చిన్నవారొకరు అందఱికొఱకు అడుగునట్లు నియమించుడు. రెండు గంటలకొకమారు ఎవరికి అవసరమున్నను లేకున్నను గుంపంతయు నాగవలయును. అట్లయిన ఎవ్వరును అడుగవలసిన పని యుండదు.

తిరిగి వచ్చునప్పుడు సూర్యాపేటలో బస్సు నిలిచినది. మా అత్తగారే మొదట లేచి, “రండే అందరూ” అని పిలిచిరి. తొమ్మండుగురమును దిగితిమి.