నిశ్చితార్థం, కాస్త అనిశ్చితి

నిశ్చితార్థం అనే మాటలోనే తిరకాసు ఉంది. ఇక అన్నీ నిశ్చయమైపోయినట్టే లెక్క. సాహసానికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం: రేపేమవుతుందో తెలియకపోవడం. ముప్ఫై మూడేళ్ల వయసులో నాకు రెండూ ఒకేసారి ఎదురయ్యాయి. మాఘమాసంలో పెళ్లి. అంతకు ముందు సెప్టెంబర్‌లో, హిమాచల్ ప్రదేశ్‌లో 5,319 మీటర్ల ఎత్తున ఉన్న పిన్ పార్వతి కనుమ దాటే యాత్ర. తాంబూలాలు పుచ్చుకోకముందే ఖరారైంది.

మాది చకర్‌భాటా. బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో ఉంటుంది. 2021లో ఇక్కడి విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి కానీ, మాలాంటి తెలుగు కుటుంబాలను ఇటు తెచ్చింది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మా తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చారు. ఇప్పుడు సంబంధం విశాఖ నుంచి కుదిరింది. "ఇంక ఆ కొండలూ గుట్టలూ మానేస్తావు కదమ్మా?" అని కాబోయే అత్తగారు అడిగారు. ప్రశ్నలాగే ఉంది కానీ జవాబు కూడా అందులోనే ఉంది. ఇదే మగపిల్లాడికైతే "జాగ్రత్త బాబూ" అన్న సలహాతో సరిపోయేది.

రాజనీతిశాస్త్రం ఎంఏ చదివేటప్పుడు జాన్ స్టూవర్ట్ మిల్ నాకు పెద్ద దన్ను. ఇతరులకు హాని లేనంతవరకు మనల్ని ఆపే హక్కు సమాజానికి లేదని 1859లో అచ్చయిన 'ఆన్ లిబర్టీ'లో ఆయన వాదించాడు. కొండలెక్కేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? అయితే అదే పుస్తకంలో మరో మెలిక ఉంది. మనకు మనం చేసుకునే హాని వల్ల మరొకరి పట్ల మన బాధ్యత తప్పిపోతే, అది ఇక మన సొంత వ్యవహారం కాదంటాడు. వేలికి ఉంగరం పడ్డాక ఈ రెండో మాట బరువు పెరిగింది.

ఆ బరువు ఊహ కాదు. జార్జ్ మాలరీకి 1914లో రూత్‌తో పెళ్లయింది. 1924లో ఎవరెస్ట్ మీద అతను మాయమయ్యేనాటికి వాళ్లకు ముగ్గురు పిల్లలు. శిఖరం మీద ఉంచుతానన్న భార్య ఫొటో, 1999లో దొరికిన అతని మృతదేహం దగ్గర లేదు. అంటే శిఖరం చేరే ఉంటాడని కొందరు ఆశగా చెప్పుకుంటారు. చేరినా, ఇంటికి మాత్రం చేరలేదు. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయాడు. నైపుణ్యం లేక కాదు.

మరి ఇంట్లో కూర్చుంటే భద్రమేనా? మా నాన్న గూడ్స్ రైలు గార్డుగా చేశారు. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. అర్ధరాత్రి కాల్ బాయ్ తలుపు కొడితే లేచి వెళ్లి, భన్వర్‌టోంక్ ఘాట్ మీదుగా కట్నీ వైపు సాగిపోయేవారు. మానేయమని అమ్మ ఎన్నడూ అడగలేదు. జీతం కోసం పడే రిస్కు డ్యూటీ, ఇష్టం కోసం పడేది పిచ్చి అని లోకం తీర్మానం. ఈ గొడవంతా విని నాన్న ఒక్కటే అన్నారు: "పట్టాల పని జరిగేచోట రైలుకు కాషన్ ఆర్డర్ ఇస్తారమ్మా. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా ఎంత వేగమో రాసి ఉంటుంది. రైలును రద్దు చెయ్యరు."

కాబోయే ఆయన అడిగిందీ దాదాపు అదే. "మానేస్తారా?" అనలేదు. "ఎక్కడిదాకా వెళ్లాక వెనక్కి తిరుగుతారు?" అన్నారు. పర్వతారోహణలో అసలు ప్రశ్న ఇదే. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్ట్ మీద తుపానులో ఎనిమిది మంది చనిపోయారు. తిరుగుముఖం పట్టాల్సిన వేళ దాటినా పైకే నడవడం ఆ విషాదానికి ఒక ముఖ్య కారణం.

ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం. మధ్యాహ్నం పన్నెండుకల్లా కనుమ చేరకపోతే వెనక్కి. ముందురోజు కొత్త మంచు పడితే కదలకూడదు. గైడ్ మాటే ఆఖరు. సిగ్నల్ అందని రోజుల్లో, అనుకున్న తేదీకి రెండు రోజులు దాటేదాకా ఆయన కంగారు పడకూడదు. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఈ సంగతి వాళ్లమ్మగారికి ఆయనే చెప్పాలి.

చెప్పారు. ఆవిడ ఇంకా సరేననలేదు. అనకపోవచ్చు కూడా. ఆవిడ భయం అన్యాయమైనదని నేను అనలేను, అలాగని యాత్ర మానుకోనూ లేను. కనుమ రెండు వందల అడుగుల దూరంలో కనిపిస్తుండగా గడియారం పన్నెండు కొడితే ఏం చేస్తానన్నదే నాకు మిగిలిన పరీక్ష. ఇదివరకైతే ఆ నిర్ణయం నా ఒక్కదానిది. ఇప్పుడు దాని కింద రెండు సంతకాలున్నాయి.