అత్తయ్యగారి కళ్ళు, పది లక్షల లెన్సు

మా అత్తయ్యగారి పెళ్ళి ఫోటోలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉంటారు. మా పెళ్ళి ఆల్బంలో మాకు అక్షింతలు వేస్తూ కళ్ళు మూసుకుని ఉంటారు. మా అమ్మాయి అన్నప్రాశనకీ అంతే, గృహప్రవేశానికీ అంతే. ఫ్లాష్ వెలగడం ఆలస్యం, ఆవిడ రెప్పలు వాటంతటవే వాలిపోతాయి. కిందటేడు రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఫ్లాష్ అంటే ఇంకా బెదురు. కెమెరా కనిపిస్తే ముందే మొహం తిప్పేసుకుంటున్నారు.

ఈ మాఘమాసంతో ఆవిడకి ఎనభై నిండాయి. అంతకు రెండు నెలల ముందు ఓ మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "అమ్మాయ్, రేపు నేను పోయాక గోడకి తగిలించడానికైనా కళ్ళు తెరిచిన ఫోటో ఒకటి తియ్యండే. లేకపోతే దండ వేసినా నిద్రపోతున్నట్టే ఉంటాను" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వేశాను. కానీ ఆ రాత్రి ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఫోన్లో తీసెయ్యచ్చు కదా అంటారేమో. తీశాం. పూజగదిలో దీపం వెలుగులో తీస్తే ముడతలన్నీ మాయమైపోయి మొహం మైనం బొమ్మలా వచ్చింది. అత్తయ్యగారు చూసి "ఇదెవరే?" అన్నారు. అంతే, ఆ ముచ్చట అక్కడితో సరి.

మావారి దగ్గర ఓ లైకా కెమెరా ఉంది. ఆఫీసులో తోటి ఉద్యోగి ఒకాయన అమ్మేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రేంజ్‌ఫైండర్ అంటారు దాన్ని. మామూలు కెమెరాలాగా లెన్సులోంచి చూడం. పక్కన చిన్న కిటికీలోంచి చూస్తాం. అందులో మధ్యలో చిన్న చతురస్రం, ఆ చతురస్రంలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు మీది రింగు తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ దగ్గరకొచ్చి ఒకటవుతాయి. చీర మడత పెట్టేటప్పుడు అంచూ అంచూ కలుపుతామే, అలాగన్నమాట. కలిసిందంటే ఫోకస్ కుదిరినట్టు.

ఇది నాకు కొత్త కాదు. మా నాన్న దగ్గర యాషికా ఎలక్ట్రో 35 ఉండేది. మా పెదనాన్న కువైట్ నుంచి తెచ్చింది. అదీ రేంజ్‌ఫైండరే. లెన్సు మీద 1.7 అని ఉండేది. దాని అర్థం నాకు తెలీదు కానీ, రెండు బొమ్మల్ని ఒకటి చెయ్యడం పదేళ్ళప్పుడే నాన్న నేర్పారు. "తొందరపడకు తల్లీ, ఊపిరి బిగబట్టి తిప్పు" అనేవారు.

సరే, అసలు సంగతికొస్తాను. అత్తయ్యగారి కోరిక విన్న మావారు మర్నాడే నిర్ణయించేశారు. ఇప్పుడున్న ఎఫ్ 2 లెన్సు చాలదట, దీపం వెలుగులో ఫ్లాష్ లేకుండా తియ్యాలంటే నాక్టిలక్స్ కావాలట. ఎఫ్ 0.95. ధరెంత అంటే కాసేపు గొంతు సవరించుకుని, "కొత్తదైతే పది లక్షల పైమాటే. సెకండ్ హ్యాండ్‌లోనైనా లక్షల్లోనే" అన్నారు. వంటింటి గట్టూ, అరలూ మార్పించడానికి నేను రెండేళ్ళుగా చీటీ కట్టి దాచిన డబ్బు మీద ఆయన చూపు పడిందని నాకు అర్థమైంది.

నేను కాదనలేదు. అమ్మ ఫోటో కోసం కొడుకు అడుగుతుంటే ఎలా కాదంటాను? "ఒక్క వారం టైమివ్వండి, లెక్క చూస్తాను" అన్నాను.

పట్టుచీర కొనేటప్పుడు నేత ఎంత, జరీ ఎంత, కొట్టు పేరుకి ఎంత అని చూస్తాం కదా. లెన్సునీ అలాగే చూశాను. ముందు ఆ సంఖ్య ఏమిటో తెలుసుకున్నాను. 50 మిల్లీమీటర్ల లెన్సు అనుకోండి. యాభైని ఆ ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుగు దూరే దారి వెడల్పు వస్తుంది. ఎఫ్ 2 అయితే 25 మిల్లీమీటర్లు. ఎఫ్ 0.95 అయితే 52కి పైన. సంఖ్య తగ్గేకొద్దీ దారి పెద్దదవుతుంది. దారి పెద్దదైతే గాజులూ పెద్దవవ్వాలి, బరువూ పెరుగుతుంది. నాక్టిలక్స్ బరువు 700 గ్రాములు!

తర్వాత వెలుగు లెక్క వేశాను. ఎఫ్ 2 లెన్సు ఇచ్చే వెలుగు ఒక గ్లాసు అనుకుంటే, ఎఫ్ 1.4 రెండు గ్లాసులిస్తుంది. 1.2 రెండు గ్లాసుల ముప్పావు. 1.1 మూడుంబావు. 0.95 నాలుగున్నరకి కాస్త తక్కువ. దాని పక్కన ధరలు రాశాను. డాలరు రేటూ, దిగుమతి సుంకాలూ బట్టి మారతాయి కాబట్టి ఉజ్జాయింపుగానే చెప్తున్నా. చైనాలో తయారయ్యే 1.1 లెన్సు ముప్పై వేలకి అటూ ఇటూ. జపాన్‌లో కొసీనా వాళ్ళు ఫోక్ట్‌లాండర్ పేరుతో చేసే నాక్టన్ 1.2 తొంభై వేల దగ్గర. లైకా వాళ్ళదే సమ్మిలక్స్ 1.4 నాలుగు లక్షల చిల్లర. నాక్టిలక్స్ సంగతి చెప్పాగా.

చూశారా చిత్రం? వెలుగొక్కటే లెక్కయితే అందరూ ముప్పై వేలదే కొనాలి. నాలుగు లక్షల దానికన్నా అదే ఎక్కువ వెలుగిస్తోంది! మరి మిగతా డబ్బంతా దేనికి?

అది కాగితం మీద తేలలేదు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే మావారి స్నేహితుణ్ణి బతిమాలితే ఓ ఆదివారం మూడు లెన్సులు తెచ్చిచ్చాడు. చైనా 1.1, నాక్టన్ 1.2, నాక్టిలక్స్ 0.95. పొద్దున్నుంచీ మా డైనింగ్ టేబుల్ మీద నా పోపుల పెట్టె పరీక్షా వస్తువైంది. మూత తీసి, మధ్య గిన్నెలో ఆవాల మీద ఫోకస్ పెట్టి, మీటరు దూరం నుంచి ఒక్కో లెన్సుతో తీశాం. కంప్యూటర్లో పెద్దది చేసి చూశాం.

లెన్సులు పూర్తిగా తెరిచినప్పుడు తేడా ఉంది, లేదని అబద్ధం చెప్పను. ముప్పై వేల దాంట్లో ఆవాలు కనపడ్డాయి కానీ వాటి మీద పాలమీగడ పరిచినట్టు ఓ తెల్లటి పొర. అంచుల్లో ఎండుమిరపకాయలు కరిగిపోయాయి. నాక్టన్‌లో మధ్యలో ఆవాలు చక్కగా విడివిడిగా వచ్చాయి, మూలలు మాత్రం కొంచెం మెత్తబడ్డాయి. నాక్టిలక్స్‌లో ఆవగింజ ఆవగింజా లెక్కపెట్టేలా ఉంది, వెనకున్నదంతా వెన్నలా కరిగింది. కానీ మెరిసే స్టీలు గిన్నెల అంచుల వెంబడి సన్నగా ఊదారంగు గీత! అంత పెద్ద దారిలోంచి వచ్చే రంగులన్నిటినీ ఒక్కచోటికి చేర్చడం ఎంత ఖరీదైన గాజుకైనా కష్టమేనట.

తర్వాత మూడింటినీ ఎఫ్ 4కి మూసి మళ్ళీ తీశాం. ఫోటోలు కలిపేసి, ఏది దేనితో తీసిందో చెప్పమని మా అమ్మాయిని పిలిచాను. చెప్పలేకపోయింది. మావారు కూడా రెండు తప్పు చెప్పారు.

అప్పుడర్థమైంది. వెలుగు ఎక్కువొస్తుంది, సరే. ఆ ఎక్కువ వెలుగులోనూ బొమ్మ చెదరకుండా పట్టుకోవడానికే ఆ ధర. పూర్తిగా తెరిచి వాడకపోతే పట్టుచీర కట్టుకుని పైన శాలువా కప్పుకున్నట్టే. 1966లో లైకా వాళ్ళు మొదటి నాక్టిలక్స్, ఎఫ్ 1.2 చేసినప్పుడు అందులో రెండు గాజు ముఖాల్ని మామూలు గుండ్రం కాని వంపులో చేతిపనిగా అరగదీశారట. ఆ రోజుల్లో 400 ఫిల్మే వేగమైన ఫిల్మ్, కాబట్టి చీకట్లో ఫోటో కావాలంటే లెన్సే దారి. 2008లో ఈ 0.95 వచ్చేనాటికి డిజిటల్ కెమెరాలే చీకట్లో అంతకంటే ఎన్నో రెట్లు చూడగలుగుతున్నాయి. ఇప్పుడు చాలామంది కొనేది వెలుగు కోసం కన్నా ఆ వెన్నలాంటి మసక కోసం.

ఆ సాయంత్రం అసలు పరీక్ష. అత్తయ్యగారు దీపం పెట్టి జపానికి కూర్చున్నారు. మావారు నాక్టిలక్స్ బిగించి, ఇరవై ఫోటోలు తీశారు. ఫ్లాష్ లేదు కాబట్టి ఆవిడకి తెలియనే లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ చూసుకుంటే ఒకదాంట్లో ముక్కుపుడక స్పష్టంగా ఉంది, కళ్ళు మసక. ఇంకోదాంట్లో జుట్టు స్పష్టం, మొహం మసక. కళ్ళు కుదిరినవి రెండే, ఆ రెండింట్లోనూ ఆవిడ కిందకి చూస్తున్నారు. మీటరు దూరంలో ఈ లెన్సుకి స్పష్టంగా కనపడే మందం రెండు సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ, అంతే. అత్తయ్యగారేమో జపంలో ముందుకీ వెనక్కీ ఊగుతారు. ఆవిడ ఊగినంత మేర కూడా లేదు పది లక్షల లెన్సు పట్టు.

మావారి మొహం చూసి జాలేసింది. "ఒకసారి నాకివ్వండి" అన్నాను. నాక్టన్ పెట్టించుకున్నాను, అది బరువూ తక్కువ. 1.4కి కొంచెం మూశాను. మూడు సెంటీమీటర్ల మందం వస్తుంది. చతురస్రాన్ని ఆవిడ కంటి మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, రెండు కళ్ళూ ఒకటయ్యేదాకా తిప్పి, రింగు వదిలేశాను. ఆవిడ ఊగి వెనక్కెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తారు కదా! వచ్చినప్పుడల్లా నొక్కాను. ఐదో సారి "అత్తయ్యా" అని మెల్లిగా పిలిచాను. తలెత్తి చూశారు.

ఆ ఫోటో చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. రెండు కళ్ళల్లో రెండు దీపాలు. చుట్టూ అంతా మెత్తటి చీకటి. మావారు చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు ప్రింటు వేయించి అత్తయ్యగారి చేతికిచ్చాను. ఆపరేషన్ అయిన కళ్ళతో దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. "బావుందే" అన్నారు. ఆగి, "నా దుద్దులేవే?" అన్నారు.

నిజమే. కళ్ళ మీద ఫోకస్ ఉంటే చెవులు నాలుగు వేళ్ళు వెనక. మసకలో కలిసిపోయాయి. అవి ఏడు రాళ్ళ కమ్మలు. మా మామయ్యగారు మొదటి పీఆర్సీ బకాయిలతో చేయించారట. ఆయన పోయాక మెళ్ళో గొలుసు కూడా తీసేశారు కానీ అవి మాత్రం ఆవిడ ఒక్కరోజూ తియ్యలేదు. ఏ మసక కోసం లోకం లక్షలు పోస్తోందో ఆ మసక మామయ్యగారి కమ్మల్ని మింగేసింది!

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. పోపుల పెట్టెలో ఆవాలు లెక్కపెట్టినదాన్ని, ఆవిడ ఫోటోలో ఆవిడకేం కావాలో అడగనే లేదు.

వంటింటి వెనక బాల్కనీ తూర్పు వైపు. పొద్దున్న ఎనిమిదింటికి నీరెండ పక్కనుంచి పడుతుంది. అక్కడ కుర్చీ వేసి, జరీ అంచు వెంకటగిరి చీర కట్టించి కూర్చోబెట్టాను. అడుగు వెనక్కి జరిగి, మావారి పాత ఎఫ్ 2 లెన్సునే 5.6కి మూసి తీశాను. కళ్ళున్నాయి, కమ్మల్లో ఏడు రాళ్ళూ ఉన్నాయి, చీర అంచులో జరీ పోగులున్నాయి. ముడతలన్నీ ఉన్నాయి. అత్తయ్యగారు ఈసారి ఏమీ అడగలేదు. రాళ్ళు వేలితో లెక్కపెట్టుకున్నారు.

నాక్టిలక్స్ ఆ సాయంత్రమే వెనక్కి వెళ్ళిపోయింది. నాక్టన్ మాత్రం కొన్నాం. సెకండ్ హ్యాండ్‌లో, మావారి బోనస్ డబ్బుతో. దీపం ఫోటో నేను మర్చిపోలేను, అలాంటిది ఇంకోటి తియ్యాలంటే ఎఫ్ 2తో కుదరదు, ఆ మాత్రం ఒప్పుకోవాలి. వంటింటి గట్టు పని వచ్చే నెల మొదలు.

దీపం ఫోటో మావారి బల్ల మీద ఉంది. కమ్మల ఫోటో హాల్లో పెడదామంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఇప్పట్నుంచే గోడెక్కించేస్తావా?" అని తీసుకెళ్ళి, బీరువాలో పట్టుచీరల మడతల మధ్య దాచుకున్నారు. పేరంటానికి ఎవరొచ్చినా తీసి చూపిస్తున్నారు. "మా కోడలు తీసింది" అంటారు. లెన్సు గురించి ఎవరూ అడగరు.