కాలీ బేయిన్: మురుగును పొలానికి మళ్లించిన నది

పంజాబ్‌లోని కాలీ బేయిన్ సుమారు 160 కిలోమీటర్ల పొడవున్న చిన్న నది. హోషియార్‌పూర్ జిల్లా ధనోవా గ్రామం దగ్గర పుట్టి, కపుర్తలా జిల్లాలోని సుల్తాన్‌పూర్ లోధీ పట్టణం పక్కగా పారి, బియాస్, సట్లెజ్ నదులు కలిసే హరికె దగ్గర ముగుస్తుంది. గురునానక్ సుల్తాన్‌పూర్ లోధీలో చాలా ఏళ్లు నివసించారు. బేయిన్‌లో స్నానానికి దిగినప్పుడే ఆయనకు జ్ఞానోదయమైందని సిక్కుల విశ్వాసం. బేర్ సాహిబ్ గురుద్వారా నది ఒడ్డునే ఉంది.

అంతటి నది ఇరవయ్యో శతాబ్దం చివరికి మురుగుకాలువైపోయింది. దారిలోని పట్టణాలు, పల్లెలు తమ మురుగును నేరుగా అందులోకి వదిలాయి. గుర్రపుడెక్క నీటిని కమ్మేసింది. పూడిక పేరుకుని ప్రవాహం ఆగిపోయింది. దాంతో ఎగువన పొలాల్లో నీరు నిలిచిపోగా, దిగువన బావులు అడుగంటాయి.

2000లో సిక్కు ధార్మికుడు సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ పిలుపుతో కరసేవ, అంటే స్వచ్ఛంద శ్రమదానం, మొదలైంది. జనం నీటిలోకి దిగి గుర్రపుడెక్కను చేతులతో లాగేశారు, పూడిక ఎత్తి గట్లు వేశారు, స్నానఘట్టాలు కట్టారు. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం స్వయంగా వచ్చి ఆ పనిని చూశారు. సీచేవాల్‌కు 2017లో పద్మశ్రీ లభించింది.

నదిని తవ్వడం ఒక ఎత్తు, మురుగు మళ్లీ అందులోకి రాకుండా చూడడం మరో ఎత్తు. ఆయన స్వగ్రామం సీచేవాల్‌లో దీనికి అమలు చేసిన ఏర్పాటులో పెద్ద యంత్రాలేవీ ఉండవు. ఊరి మురుగంతా భూగర్భ పైపుల్లో ఒకచోటికి చేరుతుంది. ఇనుప చువ్వల తడక ప్లాస్టిక్‌ను, గుడ్డపీలికలను ఆపుతుంది. ఆపైన వరుసగా ఉన్న గుండ్రటి బావుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది, నూనె, జిడ్డు పైకి తేలుతాయి. తేరిన నీరు చెరువుకు, అక్కడి నుంచి పైపులైన్ల ద్వారా పొలాలకు వెళ్తుంది.

చెరువులో పని చేసేది ఎండ, నాచు, సూక్ష్మజీవులు. ఇళ్ల మురుగులో బీఓడీ, అంటే మలినాలను తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, సాధారణంగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. స్నానానికి పనికొచ్చే నదినీటిలో అది 3కు మించకూడదు. చెరువులో పగటివేళ నాచు విడుదల చేసే ఆక్సిజన్‌తో సూక్ష్మజీవులు మలినాలను తినేసి బీఓడీని తగ్గిస్తాయి. మిగిలిన నత్రజని, భాస్వరం నదిలో కలిస్తే గుర్రపుడెక్కను పెంచుతాయి, పొలానికి చేరితే పైరుకు ఎరువవుతాయి. నదికి విషమైనది పైరుకు బలమవడమే ఈ పద్ధతి గొప్పదనం.

దీనికి హద్దులూ ఉన్నాయి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే భార లోహాలను చెరువు తొలగించలేదు. వాటిని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి. పచ్చిగా తినే కూరగాయలకు ఈ నీరు పెట్టకూడదు. మడ్డి తీయడానికి మనిషిని బావిలోకి దించకూడదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మడ్డి తీసే పని పంపుతోనే జరగాలి.

బాగుపడిన తరువాత కూడా కాలీ బేయిన్‌లో శుద్ధి చేయని మురుగు కలిసి చేపలు చచ్చి తేలిన సందర్భాలున్నాయి. నది రక్షణ ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదని ఆ చేపలు చెబుతున్నాయి. తడకకు పట్టిన చెత్తను రోజూ తీసే చెయ్యి ఒక్క వారం ఆగితే చాలు, బావులూ చెరువూ ఉండి కూడా మురుగు పాత దారి పడుతుంది. శుద్ధి కేంద్రం కట్టడానికి దొరికే డబ్బు, దాన్ని నడిపే మనిషి జీతానికీ కరెంటు బిల్లుకూ దొరక్కపోవడమే చిన్న పట్టణాల్లో అసలు జబ్బు. నది ఒడ్డునున్న ప్రతి పురపాలక సంఘమూ తన బడ్జెట్‌లో ముందుగా రాయవలసిన పద్దు నిర్వహణ ఖర్చు.